సంక్రాంతయ్యాక స్కూబా కోర్సు: అండమానా, థాయ్‌లాండా? మనిషికి 60 వేలు దాటకూడదు

రాజోలు కాలవగట్టు:
ఆయ్, నమస్కారమండి అందరికీ. మాది రాజోలు పక్కన పల్లెటూరు. నేనూ మా బావమరిదీ పండగ హడావుడి అయిపోయాక ఫిబ్రవరిలో ఓ పది రోజులు ఖాళీ చేసుకుని స్కూబా, అదే గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లకింద ఈదడం, నేర్చుకుందామనుకుంటున్నాం. ఒకసారి దిగి ఫొటో తీయించుకుని వచ్చేయడం కాదండి, ఓపెన్ వాటర్ అని సర్టిఫికెట్ ఇస్తారంట కదా, అది. మనిషికి 60 వేలు, గుమ్మం దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఇంటికొచ్చేదాకా అంతా కలిపి. చిన్నప్పట్నుంచీ కాలవలో ఈదినవాళ్లమే కానీ సముద్రంలో లోపలికి దిగింది ఎప్పుడూ లేదు. వీడియోలు చూస్తే ఒకాయన అండమాన్ అంటాడు, ఇంకొకాయన థాయ్‌లాండ్ అంటాడు, మరొకాయన మాల్దీవులు అంటాడు, మొత్తం ఎంతయిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఇంకో సందేహం కూడానండి, మాకు అంతర్వేది ఇంత దగ్గర కదా, అక్కడెందుకు చెయ్యరు ఇవన్నీ?

కాకినాడ రేవు:
ముందు అంతర్వేది సంగతి చెప్తానండి, ద్వీపం ఎంచుకునే కిటుకు అందులోనే ఉంది. స్కూబాలో మనం డబ్బులు పెట్టేది కళ్లకి కనపడ్డం కోసం. గోదావరి తెచ్చిన ఒండ్రంతా మన సముద్రంలోనే కలుస్తుంది కదా, వరదల్లో అయితే ఆ ఎర్రనీళ్లు ఒడ్డు నుంచి చాలా దూరం కనపడతాయి, వరద లేకపోయినా కెరటం గట్టిగా లేచిందంటే అడుగు బురద పైకి వచ్చేస్తుంది. పగడాలకి ఎండ తగలాలి, పైన బురద పేరుకున్నా, మంచినీళ్లు ఎక్కువ కలిసినా బతకవు. అందుకే మనకి కోరంగి మడ అడవులు ఉన్నాయి గానీ పగడాలు లేవు. అండమాన్‌లో అంత పెద్ద నదులు లేవు, నేను దిగిన రోజు 20 మీటర్ల అవతల చేప కూడా స్పష్టంగా కనపడింది.

కాబట్టి ఏ ద్వీపం అని అడిగేముందు మీరు వెళ్లే నెలలో అక్కడ నీళ్లు ఎలా ఉంటాయో చూడండి. ఫిబ్రవరికి అండమాన్ బాగుంటుంది, వానలు మే నెల సగం నుంచి మొదలవుతాయి. నేను మొదటిసారి తెలియక జూన్‌లో వెళ్లి ఫెర్రీలు ఆపేస్తే రెండు రోజులు రూమ్‌లోనే కూర్చున్నాను, ఆ డబ్బులు మళ్లీ రాలేదు.

కోర్సు హావ్‌లాక్‌లో చెయ్యండి, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి అక్కడ పోర్ట్‌బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీవిజయపురం అంటున్నారు) విమానం, ముందే తీసుకుంటే రానూపోనూ 12 వేల దగ్గర్లో దొరికింది నాకు. కోర్సు 30 వేలు అటూఇటూ, రూమ్ ఇద్దరూ పంచుకుంటారు, అక్కడి నుంచి హావ్‌లాక్‌కి గవర్నమెంట్ ఫెర్రీ చవక, ప్రైవేటుది ఎక్కితే అక్కడే మూడు నాలుగు వేలు పోతాయి. జాగ్రత్తగా ఉంటే 60లో అయిపోతుంది. వైజాగ్ నుంచి ఓడ కూడా ఉంది గానీ ఎప్పుడో ఒకటి, పైగా రెండు రోజులు దాటుతుంది, మీ సెలవుకి కుదరదు. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగోళ్లు చాలామంది ఉన్నారు, భాషకి ఇబ్బంది లేదు.

ఒక్క మాట, 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చాలా తెల్లబడిపోయాయి, ఒడ్డు దగ్గర లోతు తక్కువ ఉన్నచోట ఆ దెబ్బ ఇంకా తెలుస్తుంది. నాకు నిజంగా బాధేసింది అది చూసి. అయినా చేపలు తక్కువేం కాదు, ప్యారట్ ఫిష్ నా పక్కనే పగడాన్ని కొరుకుతుంటే మరమరాలు నమిలినట్టు కరకరమని నీళ్లలో వినపడింది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

భీమవరం నుంచి:
నేను థాయ్‌లాండ్‌లో కో తావ్ అనే చిన్న ద్వీపంలో చేశాను, ప్రపంచంలో కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లలో అదొకటి. స్కూళ్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పోటీ మీద రేట్లు తగ్గుతాయి, నాకు కోర్సు 11 వేల బాత్ (అక్కడి డబ్బు) అయింది, దాంట్లోనే నాలుగు రోజులు డార్మిటరీ కూడా ఇచ్చారు. కానీ అసలు ఖర్చు దారిలో ఉందండి, బ్యాంకాక్ దిగాక రాత్రి బస్సులో చుంఫోన్, అక్కడ తెల్లారి బోటు, వెళ్లడానికో రోజు రావడానికో రోజు. విమానంతో కలిపి నాకు 70 వేల రూపాయలు దాటింది. పైగా అక్కడ వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు సముద్రం సర్దుకోదు, మార్చి నుంచి బాగుంటుంది. 60 ఖచ్చితం అంటున్నారు కాబట్టి ఫిబ్రవరికైతే అండమానే వెళ్లండి, నా ఓటు కూడా దానికే.

నరసాపురం లేసు:
అసలు నీళ్లకింద ఉండగలరో లేదో చూసుకోకుండా 60 వేలు పెట్టేస్తున్నారు, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి ఉంది, అక్కడ ట్రై డైవ్, అంటే కోర్సు లేకుండా నేర్పేవాళ్లు పక్కనే ఉండి దింపేది, ఒకటి చేసి చూడండి. మాల్దీవులకి మనకి వీసా ఖర్చు లేదు, మాఫుషి లాంటి ఊళ్లలో గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి గానీ డైవ్‌లన్నీ డాలర్లలో, సర్టిఫికెట్ వచ్చాక ఆలోచించుకోండి.

అమలాపురం అక్క:
తమ్ముడూ, రేట్లు అందరూ చెప్పారు, ఒంటి సంగతి ఎవరూ చెప్పలేదు. కోర్సుకి ముందు ఆరోగ్యం గురించి ఫారం ఇస్తారు, ఉబ్బసం ఉందా బీపీ ఉందా అని, దాంట్లో అబద్ధం రాయొద్దు, కొన్నిటికి అవునంటే డాక్టర్ సంతకం అడుగుతారు, అక్కడికెళ్లాక డాక్టర్ కోసం తిరిగేకంటే ఇక్కడే చూపించుకుని వెళ్లండి. జలుబుంటే దిగొద్దు. నేను జలుబుతోనే దిగాను, నేర్పేవాళ్లు అడగలేదు నేనూ చెప్పలేదు, నాలుగు మీటర్ల దగ్గర చెవిలో సూది గుచ్చినట్టయింది, వారం రోజులు ఆ చెవి సరిగ్గా వినపడలేదు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే ప్రతి మీటరుకీ ముక్కు మూసి పట్టుకుని దాంట్లోకే మెల్లగా గాలి ఊదాలి, కుదరకపోతే కొంచెం పైకి రావాలి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకూడదు.

ఈత పరీక్ష 200 మీటర్లు, టైము లిమిట్ లేదు, తర్వాత పది నిమిషాలు తేలాలి, కాలవ ఈత వచ్చినవాళ్లకి అది కష్టం కాదు. ఆఖరి డైవ్ అయ్యాక 18 గంటలు విమానం ఎక్కకూడదు, అందుకని చివరి రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంచుకుని సెల్యులార్ జైలు చూడండి. మీసం ఉంటే మాస్క్‌లోకి నీళ్లు కారతాయి, అది కూడా గుర్తుపెట్టుకో.

రాజోలు కాలవగట్టు:
అందరికీ చాలా చాలా థాంక్సండి. అండమానే ఖాయం చేశాం. మా బావమరిదికి మాసూళ్ల టైములో ధూళికి పిల్లికూతలు వస్తాయి, అది ఫారంలో రాయాలని అక్క చెప్పాకే తెలిసింది, సోమవారం డాక్టర్‌కి చూపించి ఆయన సరేనన్నాకే టికెట్లు తీస్తాం. అక్కా, వాడు మీసం మాత్రం తీయనంటున్నాడు, ఏదైనా దారుందా?

అమలాపురం అక్క:
మొత్తం తీయక్కర్లేదు తమ్ముడూ, ముక్కు కిందుగా మాస్క్ అంచు ఆనేచోట సన్నగా ఒక గీత గీయించమను, సరిపోద్ది. డాక్టర్ ఏమన్నారో ఇక్కడే రాయి.