కొమ్ము విల్లుకు అంటించిన నరాల పొర లేచిపోతోంది, సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. కొరియావాళ్ల గక్‌గుంగ్ (వాళ్ల సంప్రదాయ కొమ్ము విల్లు) పద్ధతిలో ఒక విల్లు చేస్తున్నాను. మధ్యలో వెదురు, లాగేటప్పుడు మన వైపు ఉండే ముఖానికి గేదె కొమ్ము పలక, అవతలి ముఖానికి నరాల (అంటే కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువుల) పీచు. విల్లు వంగినప్పుడు కొమ్ము నొక్కుడును తట్టుకుంటుంది, నరం సాగుడును తట్టుకుంటుంది. అందుకే రెండూ కావాలి. ముర్రా గేదె కొమ్ము చుట్టుకుని ఉంటుంది కాబట్టి పనికిరాదు. పొడుగు కొమ్ముల కోసం ఏడాది తిరిగాను.

కొమ్ము బాగానే అతుక్కుంది. ఇబ్బంది నరాలతోనే. కాలి నరాలు ఎండబెట్టి, దంచి, పీచు తీసి, చేప గాలితిత్తి జిగురులో ముంచి రెండు పొరలు వేశాను. రెండో పొర వేసి పన్నెండు రోజులైంది. కొసల దగ్గర అంచులు లేచాయి, మధ్యలో గోరుతో నొక్కితే ఇంకా మెత్తగానే ఉంది. ఇక్కడి ఉక్కకి జిగురు ఆరడం లేదా, లేక నరాల్లో కొవ్వు మిగిలిపోయిందా? సున్నపు నీళ్లతో కడిగితే పీచు పాడవుతుందా?

కొరియాలో వానాకాలంలో ఈ విల్లులను వెచ్చటి పెట్టెలో దాస్తారు. నేనూ బల్బు పెట్టిన చెక్కపెట్టె చేద్దామనుకుంటున్నా, కానీ త్వరగా ఆరితే పొర పగులుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎంత వేడి ఉంచాలి? లేచిన అంచులకు వేడి జిగురు పట్టించి దారం చుడితే చాలా, మొత్తం ఊడదీయాలా?

ఎపాక్సీ (రసాయన జిగురు) మాత్రం చెప్పకండి, దయచేసి. చేత్తో చేసినవాళ్లెవరైనా ఉంటే మీ అనుభవం రాయండి.