మా లాబ్రడార్‌కి హాలోవీన్‌లో గంగిరెద్దు వేషం వేయాలి, ఎలా కుట్టాలో చెప్పండి

ఎడిసన్_పిల్ల:
అందరికీ నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా బబ్లూ లాబ్రడార్, మూడేళ్లు, 32 కిలోలు. అక్టోబర్ 31న మా వీధిలో పిల్లలంతా వేషాలేసుకుని ఇంటింటికీ క్యాండీ అడుగుతూ ట్రిక్ ఆర్ ట్రీట్‌కి తిరుగుతారు, దానికి ముందు శనివారం పక్క పార్కులో కుక్కల వేషాల పోటీ ఉంది. షాపుల్లో దొరికే గుమ్మడికాయ, సాలీడు వేషాలు నాకు వద్దు. న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో జరిగే టాంప్‌కిన్స్ స్క్వేర్ కుక్కల పరేడ్ చూశాను, అక్కడ కొందరు తోపుడు బండ్లకి అట్టలు కట్టి, రంగులేసి, ఏకంగా సెట్టింగే వేసుకొస్తారు. అంత కష్టపడి చేసేటప్పుడు మన సంక్రాంతి గంగిరెద్దునే ఎందుకు చేయకూడదు అనిపించింది. మా ఆయన తలపాగా కట్టి సన్నాయి పట్టుకుంటారు. పాత చీరలు, కుట్టు మిషను ఉన్నాయి. కొమ్ములు ఎలా నిలబెట్టాలి? మూపురం దేంతో చేయాలి? మెడలో గజ్జెలు కట్టొచ్చా?

కుట్టుమిషన్_అక్క:
భలే ఆలోచన! ముందు బబ్లూ రోజూ వాకింగ్‌కి వేసుకునే హార్నెస్ తీసుకో, వేషం మొత్తం దాని మీదే నిలబడాలి. అది వాడికి అలవాటైన వస్తువు, బరువు కూడా మెడ మీద కాకుండా ఛాతీ మీద, వీపు మీద పడుతుంది. పైన కప్పే బొంతకి లోపలివైపు వెల్క్రో కుట్టి హార్నెస్ పట్టీలకి అతికించు, చిరాకు పడితే ఒక్క లాగుతో మొత్తం ఊడొచ్చేయాలి. మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా, ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ కొలతలు తీసుకో. బొంత అంచు మోచేతుల పైనే ఆగాలి, లేకపోతే నడిచేటప్పుడు కాళ్లకి అడ్డం పడుతుంది. కట్టే పట్టీ ఛాతీ కిందే ఉండాలి, పొట్ట వెనక భాగానికి పోతే మగకుక్క కదా, పాస్ పోసుకున్న ప్రతిసారీ తడిసిపోతుంది.

చీరల్లో కాటన్‌వే వాడు. సింథటిక్ చీర లాబ్రడార్ బొచ్చు మీద కప్పితే అక్టోబర్ చలిలో కూడా ఉడికిపోతాడు. మూపురానికి పాత దిండులో దూది తీసి కాటన్ సంచీలో కుక్కి, హార్నెస్ మీద సరిగ్గా భుజాల దగ్గర కుట్టెయ్. ఈ ఒక్కటి కుదిరితే కొమ్ములు లేకపోయినా జనం ఎద్దని గుర్తుపడతారు. కొమ్ములకి పల్చటి ఈవీఏ ఫోమ్ షీటు, అదే స్పాంజిలా మెత్తగా, తేలిగ్గా ఉండే షీటు, గరాటులా చుట్టి గ్లూ గన్‌తో అతికించు, లోపల ఏమీ నింపొద్దు, చివర్లకి ఇత్తడి తొడుగుల్లా బంగారు రంగు వెయ్యి. వాటిని వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీకి కుట్టి చెవుల ముందు నుంచి తొడుగు, చెవులు మాత్రం బయటే స్వేచ్ఛగా ఉండాలి, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అద్దాలు, పూసలు, చమ్కీలు కుట్టకు, వాడు కొరికి మింగేస్తాడు. వాటి బదులు మెరిసే గుడ్డ ముక్కలు గుండ్రంగా కత్తిరించి గట్టిగా కుట్టు.

వెట్‌టెక్_డల్లాస్:
నేను పశువుల క్లినిక్‌లో పని చేస్తాను కాబట్టి గజ్జెల సంగతి చెప్తాను. మెడలో వద్దండీ. కుక్క చెవి మన చెవి కంటే చాలా చురుకు, అడుగడుగునా గలగలమంటే వాడికి టెన్షన్ పెరుగుతుంది, పైగా ఊడిన మువ్వ గొంతులో పడొచ్చు. మీవారే చేత్తో పట్టుకుని మోగించమనండి. రాత్రి తిరిగేటప్పుడు బటన్ బ్యాటరీ లైట్లు, గ్లో స్టిక్‌లు కూడా వద్దు, బొంత అంచుకి మెరిసే రిఫ్లెక్టివ్ టేపు కుట్టండి. నుదుట నిజం కుంకుమ, రంగులు పూయకండి, నాకేస్తాడు. ఎర్ర ఫెల్ట్ గుడ్డతో బొట్టు కొమ్ముల పట్టీకే కుట్టేస్తే సరిపోతుంది. మూతికి మాత్రం ఏదీ కట్టొద్దు, కుక్క ఒంట్లో వేడి ముఖ్యంగా నోరు తెరిచి రొప్పడం వల్లే పోతుంది.

ఇప్పటినుంచే అలవాటు చేయండి. మొదట బొంత నేల మీద పెట్టి వాసన చూడనివ్వండి, ట్రీట్ ఇవ్వండి. తర్వాత వీపు మీద కాసేపు వేసి తీసేయండి, కొమ్ములు అన్నిటికన్నా చివర. పెదాలు మాటిమాటికీ నాక్కోవడం, ఊరికే ఆవలించడం, తోక ముడుచుకోవడం, బిగుసుకుపోయి కదలకపోవడం కనిపిస్తే ఇష్టం లేదని అర్థం. చాలామంది ఆ బిగుసుకుపోవడాన్ని చూసి బుద్ధిగా నిలబడ్డాడు అనుకుంటారు, అది భయం. అలా కనిపిస్తే అక్కడితో ఆపేయండి. ఇక ఆ రాత్రి క్యాండీ గిన్నె వాడికి అందకుండా పెట్టండి. చాక్లెట్, ముఖ్యంగా డార్క్ చాక్లెట్, కిస్‌మిస్, జైలిటాల్ అనే చక్కెర బదులు వాడే తీపి పదార్థం ఉన్న షుగర్ ఫ్రీ గమ్ కుక్కకి విషం. తిన్నాడని అనుమానం వచ్చినా సరే, వాంతి అవుతుందేమో చూద్దాం అని ఆగకుండా వెంటనే వెట్‌కి ఫోన్ చేయండి.

గోదారోడు:
బొంత ఒకే చీరతో కుట్టకండి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కలు కలిపి అతుకులు కనిపించేలా కుడితేనే ఆ కళ వస్తుంది. ఇంకోటి, "అయ్యగారికి దండం పెట్టు" అనగానే తల వంచకపోతే గంగిరెద్దు ఎలా అవుతుంది? బబ్లూకి అది నేర్పండి. నిలబడి ఉన్నప్పుడు ట్రీట్ ముక్కు దగ్గర పట్టి మెల్లగా కిందికి, ముందు కాళ్ల మధ్యకి తీసుకెళ్లండి. మోచేతులు నేలకి ఆనతాయి, నడుము పైనే ఉంటుంది, ఆ క్షణంలో ట్రీట్ ఇచ్చేయండి. మొత్తం పడుకోబోతే పొట్ట కింద చెయ్యి అడ్డం పెట్టండి. మా రాకీకి ఇలాగే వచ్చింది, ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా దండం పెట్టకుండా వదలడు.

ఎడిసన్_పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. గజ్జెలు మా ఆయన చేతికే. హార్నెస్‌కి మూపురం, బొంత ముందు కుట్టేస్తాను, కొమ్ములు బబ్లూ ఒప్పుకుంటేనే. అక్కా, వెల్క్రో బొచ్చుకి పట్టుకోకుండా గరుకు వైపు హార్నెస్‌కి కుట్టాలా, బొంతకా?

కుట్టుమిషన్_అక్క:
గరుకు వైపు హార్నెస్ పట్టీ పైముఖానికి, మెత్తటి వైపు బొంత లోపలికి. అప్పుడు ఏదీ వాడి ఒంటికి తగలదు. కాకపోతే మామూలు రోజుల్లో ఆ గరుకు వైపు మీద చిన్న గుడ్డ ముక్క అతికించి ఉంచు, లేకపోతే రాలిన బొచ్చంతా దానికే పట్టుకుని వెల్క్రో పని చేయదు.