అప్‌డేట్: తమ్ముడు ఇప్పుడు ఎవరి సాయం లేకుండా విండోస్, డెబియన్ మార్చుకుంటున్నాడు

చూపు లేని మా తమ్ముడి కంప్యూటర్లో విండోస్, డెబియన్ (ఒక రకం లినక్స్) రెండూ ఉన్నాయి. ఆన్ చేయగానే వాటిలో ఏది కావాలో అడిగే గ్రబ్ మెనూలో వాడు ఏది ఎంచుకున్నాడో తెలుసుకోవడం ఎలా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ (విండోస్‌లో) గానీ ఓర్కా (డెబియన్‌లో) గానీ అక్కడ మాట్లాడవు. అవి సిస్టమ్ లోడయ్యాకే మొదలవుతాయి. ప్రతిసారీ అమ్మనో నన్నో పిలవాల్సి వచ్చేది.

మెనూ రాగానే బీప్ వినిపించేలా చేయమని మీలో ఒకరు చెప్పిన పద్ధతి పనిచేసింది. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్లో 'ఇనిట్ ట్యూన్' అనే లైను ముందే ఉంటుంది, కానీ దాని ముందు హ్యాష్ (#) గుర్తు ఉండటం వల్ల పనిచేయదు. ఆ గుర్తు తీసేసి 480 440 1 అని ఉంచాం. 480 వేగం, 440 హెర్ట్జ్ స్వరం, 1 దాని నిడివి. తర్వాత అప్‌డేట్ గ్రబ్ కమాండ్ ఇచ్చాం.

మొదటిరోజు శబ్దమే రాలేదు. చాలా టెన్షన్ పడ్డాం. ఈ బీప్ మామూలు స్పీకర్లలో రాదు, మదర్‌బోర్డుకు తగిలించే చిన్న బజర్‌లోనే వస్తుంది. హనుమకొండ చౌరస్తా దగ్గర రిపేర్ షాపులో పాతది ఒకటి దొరికింది. బజర్ లేని ల్యాప్‌టాప్‌లలో ఇది వినపడకపోవచ్చు, గమనించండి.

టైమౌట్ మైనస్ 1 పెట్టాం, అంటే ఏదో ఒకటి ఎంచుకునేదాకా మెనూ ఆగే ఉంటుంది కాబట్టి తొందరేమీ లేదు. బీప్ వినగానే ఎంటర్ కొడితే డెబియన్, కింది బాణం రెండుసార్లు నొక్కి ఎంటర్ కొడితే విండోస్. డెబియన్‌కు గుండెలాంటి కెర్నల్ భాగం పాత వెర్షన్లు అన్నీ లోపలి మెనూలోకి పోతాయి కాబట్టి కెర్నల్ అప్‌డేట్ అయినా మా లెక్క మారలేదు.

బయోస్ (మదర్‌బోర్డు) సెట్టింగ్స్ మాత్రం ఇప్పటికీ మూగవే. దానికి నేనే పక్కన కూర్చుంటున్నాను. నిన్న రాత్రి నేను పడుకున్నాక వాడే రెండుసార్లు మార్చుకున్నాడట. పొద్దున లేవగానే చెప్పాడు.