ఆగస్టు 15న మాట్లాడమన్నారు, ఏం చెప్పాలో సలహా ఇవ్వండి

మా అపార్ట్‌మెంట్‌లో ఈసారి జెండా ఎగరేశాక ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు, సరే అన్నాను గానీ అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. దేశమంటే ప్రేమ లేక కాదండీ. జనగణమన వినిపిస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీకి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య మన తెలుగువాడే అని గర్వం కూడా ఉంది.

కానీ అదే 1947లో విభజన గొడవల్లో లక్షల మంది చనిపోయారు, కోటి మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలేసి పోయారు. ఆగస్టు 15న గాంధీ ఢిల్లీ వేడుకల్లోనే లేరు, కలకత్తాలో ఉపవాసం చేస్తూ గడిపారు. ఇంక మన తెలంగాణ సంగతైతే, ఆ రోజు మనం ఇంకా నిజాం కిందే ఉన్నాం, 1948 సెప్టెంబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ విలీనం టైంలో జరిగిన చంపుకోవడాల మీద, నెహ్రూ ప్రభుత్వం విచారణకు పంపిన సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన రిపోర్టు దశాబ్దాల పాటు బయటికే రాలేదు.

ఇవన్నీ చెబితే "పండగ పూట ఇదేం గోల" అంటారు, కొందరైతే దేశద్రోహి అని కూడా అనేస్తారు (మా వాట్సాప్ గ్రూపులో అది మామూలే). చెప్పకుండా వట్టి నినాదాలతో ముగిస్తే నాకే నచ్చదు, పైగా ముందు వరసలో కూర్చునేది పిల్లలు.

మీలో ఎవరైనా ఇలాంటి చోట మాట్లాడారా? గర్వం, బాధ రెండూ పదేళ్ల పిల్లలకు భయం కలగకుండా ఎలా చెప్పారు? విభజన సంగతి ముందు ఎత్తుకోవాలా, చివర్లోనా?