అక్టోబరులో పిల్లలతో తోటలు చూడడానికి బెంగళూరు నుంచి ఎటు వెళ్లాలి?

ప్రశ్న:
నమస్కారం. మేము మారతహళ్లిలో ఉంటున్నాము. మా ఇద్దరు పిల్లలకు పంటచేలు, పండ్లతోటలు చూపించాలని అక్టోబరు చివరి శని, ఆదివారాలను కేటాయించుకున్నాము. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున దూరప్రయాణం చేయలేము. కోలారు జిల్లాలోని శ్రీనివాసపురం మామిడి తోటలకు వెళ్లవచ్చునా?

జవాబు 1:
మామిడికి ఇది కాలం కాదండీ, సీతాఫలాల కాలం. నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని నంది కొండ మీద వారాంతంలో వాహనాల రద్దీ విపరీతంగా ఉంటుంది కనుక, పైకి ఎక్కకుండా చిక్కబళ్లాపురం వైపు పల్లెల్లో తిరగడమే మేలని నా అభిప్రాయం. భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక పంట అని ఇచ్చే జి.ఐ. గుర్తింపు) పొందిన బెంగళూరు నీలి ద్రాక్ష పందిళ్లు, బంతి, చామంతి తోటలు, కంకి వేసిన రాగి చేలు అక్కడ కనిపిస్తాయి. ఆ రైతులలో చాలామందికి తెలుగు వచ్చు. వారిని అడిగి, సరేనన్న తరువాతే తోటలో అడుగుపెట్టండి. మందు కొట్టిన రోజైతే పిల్లలను పందిరి కిందికి పంపవద్దు.

జవాబు 2:
దారిలోనే ఉన్న దేవనహళ్లి పంపర పనసకూ ఆ భౌగోళిక గుర్తింపు ఉన్నది. విమానాశ్రయం వచ్చిన తరువాత ఆ తోటలు తరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. చిక్కబళ్లాపురం జిల్లాలోనే ఉన్న శిడ్లఘట్ట వైపు వెళితే, రైతు అనుమతితో, మల్బరీ ఆకు మేసే పట్టుపురుగులను పిల్లలకు చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. కొండ మానుకుని శిడ్లఘట్ట దారి పడతాము.