ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే మోడ్) లైటు వెలుగుతుంది, ముందు చక్రాలు మాత్రం లాగట్లేవు

పార్ట్ టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్ డీజిల్ బండి. ముందు యాక్సిల్‌ను కలిపేది వాక్యూమ్ యాక్చుయేటర్ (పంపు గాలి పీల్చే బలంతో కదిలే డబ్బా). కొల్లాపూర్ దిక్కు నల్లరేగడిలో దిగబడితే వెనక చక్రాలే తిరుగుతున్నాయి. లైటు స్విచ్ ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే గేరు పెట్టె) మీదుంది, ముందు యాక్సిల్ మీద కాదు కాబట్టి ఆ లైటును నమ్మలేం.

ముందు రెండు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆన్‌లో, గేరు న్యూట్రల్‌లో, ఫోర్ హైలో పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి చూసిన. కుడి చక్రం చేత్తో తిప్పితే ఎడమది ఉలకదు. యాక్సిల్ కలిసి ఉంటే ఎడమది ఎదురు దిక్కుకు తిరగాలి కదా.

పంపు దగ్గర వాక్యూమ్ 25 అంగుళాలు (పాదరసం లెక్కన). యాక్చుయేటర్ నుంచి ఊడదీసిన గొట్టం చివర గేజ్ పెడితే 11. సోలినాయిడ్ (వాక్యూమ్‌ను వదిలి ఆపే కరెంటు వాల్వు) టక్‌మని కొడుతుంది. పంపు నుంచి వేరే గొట్టంతో నేరుగా ఇస్తే యాక్సిల్ కలుస్తుంది, అంటే డయాఫ్రం (యాక్చుయేటర్ లోపలి రబ్బరు పొర), ఫోర్కు (దాంతో కదిలి యాక్సిల్ కలిపే ముక్క) బాగున్నట్టే.

షెడ్డులో యాక్సిలే మార్చాలంటున్నరు, అది నమ్మబుద్ధి కావట్లే. అన్నా, లీకు సోలినాయిడ్‌లోనా, ఎగ్జాస్ట్ పక్క నుంచి పోయే గొట్టంలోనా, విప్పకుండా తేల్చేదెట్ల? మీటరు లెక్కన అమ్మే మామూలు రబ్బరు గొట్టం వేస్తే వాక్యూమ్‌కు లోపలికి నొక్కుకుపోదా?