గర్భనిరోధక మాత్రలు ఏళ్ల తరబడి వాడితే కాలేయం చెడుతుందా?

రాజోలు గృహిణి:
మా తోడికోడలు చంటిదానికి ఏడాది నిండాక ఉపకేంద్రంలో ఇచ్చిన మాలా-ఎన్ మాత్రలు మొదలుపెట్టింది. మూడో నెలకల్లా రాత్రిళ్లు నిద్రపోకుండా అరిచేతులు, అరికాళ్లు రక్తం చిమ్మేలా గోక్కునేది, మూత్రం ముదురు పసుపుకు తిరిగింది. కామెర్లని పసరు పోయించమన్నారు ఇరుగుపొరుగువారు; మేము అమలాపురంలో డాక్టరు గారికి చూపించాం. ఆయన మాత్రలు ఆపించారు, కొన్ని వారాల్లో తగ్గింది. ముందుగా రక్తపరీక్ష చేయకుండా ఈ మాత్రలు పంచడం మానాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాలకొల్లు ఉపాధ్యాయుడు:
మీతో ఏకీభవిస్తున్నాను. ఏ మందునైనా కాలేయమే అరగదీయాలి కనుక, పదేళ్లు రోజూ మింగితే అది చెడకుండా ఎలా ఉంటుంది? హార్మోను లేని ఛాయా వారపు మాత్ర ఉండగా ఇవి ఎందుకు?

భీమవరం ఫార్మసిస్టు:
మాస్టారూ, కాలేయం మందును అరగదీయడం వేరు, ఆ మందు కాలేయాన్ని పాడుచేయడం వేరు. అయితే మీ భయం ఊరకే పుట్టింది కాదు. ఈ మాత్రలు వాడిన స్త్రీల కాలేయంలో అడినోమా అనే క్యాన్సరు కాని గడ్డలు కనిపించాయని 1973లోనే వైద్యులు ప్రకటించారు. ఆనాటి మాత్రల్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను మోతాదు చాలా ఎక్కువ. నేటి మాలా-ఎన్‌లో ఎథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ 0.03 మిల్లీగ్రాములే, పైగా 28 మాత్రల అట్టలో 7 ఉత్త ఐరన్ మాత్రలు. దీర్ఘకాలం వాడినవారిలో సైతం ఆ గడ్డలు ఏటా లక్షమందిలో ముగ్గురు నలుగురికి వస్తాయని అంచనా. ఛాయా విషయానికొస్తే, ఈమధ్య కామెర్లు వచ్చినవారికి దాన్ని కూడా ఇవ్వకూడదు.

అమ్మా, మీ తోడికోడలికి వచ్చింది గడ్డ కాదనుకుంటాను. ఈస్ట్రోజెన్ వల్ల పైత్యరసం కాలేయం నుంచి దిగడం మందగిస్తుంది. పుట్టుకతోనే అటువంటి స్వభావం ఉన్న కొందరిలో పైత్య లవణాలు రక్తంలో చేరి, అరిచేతుల్లో, అరికాళ్లలో భరించలేని దురద పుడుతుంది. ఇటువంటివారిలో చాలామందికి నిండు నెలల్లోనూ అదే దురద వచ్చి, కాన్పుతో పోయి ఉంటుంది. ఆమెను అడిగి చూడండి. మాత్రలు మొదలుపెట్టకముందు ఈ స్త్రీల రక్తపరీక్ష మామూలుగానే ఉంటుంది కనుక, మీరు కోరుతున్న పరీక్ష ఆమెను కాపాడేది కాదు; ఆ ఒక్క ప్రశ్న కాపాడేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ఆరోగ్యవంతులకు ముందుగా కాలేయ పరీక్ష కోరవు. ముదిరిన సిర్రోసిస్ (కాలేయం గట్టిపడిపోయే జబ్బు), కాలేయ గడ్డలు ఉన్నవారికి, కామెర్లు ఇంకా తగ్గనివారికి ఈ మాత్రలు తగవు. వారికి కాపర్-టీ ఉంది. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారిది వేరే చిక్కు: కాలేయమే మాత్రను తొందరగా కరిగించేసి, గర్భం నిలిచే ప్రమాదం ఉంది.

నన్ను కలవరపెట్టేది మరొకటి. శ్రావణ శుక్రవారాలకు, అంతర్వేది తీర్థానికి నెలసరి వాయిదా వేసుకోవాలని, డాక్టరు చీటీ లేకుండానే నోరెథిస్టెరాన్ అడుగుతారు. రోజుకు మూడేసి మింగే ఆ 5 మిల్లీగ్రాముల మాత్రలో కొంత భాగం శరీరంలో ఎథినైల్ ఈస్ట్రడయాల్‌గానే మారుతుంది. కామెర్లు వచ్చి నెలైనా కాని ఒకామె, కళ్లలో ఇంకా పసుపుచాయ ఉండగానే, వ్రతం కోసం అడిగారు. నేను ఇవ్వలేదు. నా కళ్లముందే పక్క దుకాణంలోకి వెళ్లారు.

రాజోలు గృహిణి:
అడిగానండి. ఎనిమిదో నెలలో ఇదే దురద వచ్చిందట. వేడి చేసిందని వేపాకు నీళ్లు పోశారట. కాన్పయ్యాక పోయింది గనుక ఎవరికీ చెప్పలేదు, మాత్రలు ఇచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు. రక్తపరీక్ష మాట వెనక్కి తీసుకుంటున్నాను, కానీ అడగకుండా అట్ట చేతిలో పెట్టడం తప్పన్న మాట మాత్రం వదలను. బుధవారం టీకాలకు ఏఎన్ఎం గారు వస్తారు. మా తోడికోడలి కార్డు మీద ఈ దురద సంగతి ఎర్ర సిరాతో రాయించి, ఊళ్లో ఈ మాత్రలు తీసుకునే ప్రతి ఒక్కరినీ ఆ ప్రశ్న అడగమని కోరతాను.